రిటైర్మెంటు ఉద్యోగానికే, మనసుకు కాదు



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాలలో గృహ దర్శనాలకు వెళ్లే ప్రతి సేవకునికీ బాగా పరిచయమైన మాట ఒకటి ఉంది. మంచం మీద కూర్చున్న పెద్దాయనను, "తాతా, కంటి ఆపరేషన్ ఎప్పుడు చేయించుకుంటారు?" అని అడిగితే ఆయన ముందు కొడుకు ముఖం వైపు చూస్తాడు. తరువాత, "నాకేమెరుక అయ్యగారూ, మావోడు ఎట్లంటే అట్ల" అంటాడు. కన్ను ఆయనది, నొప్పి ఆయనది, జవాబు మాత్రం కొడుకుది. ఈ పెద్దాయనే ముప్పయి అయిదేండ్లు లేత్ మిషను ముందు నిలబడి, వెంట్రుక మందం తేడా వచ్చినా కంటితోనే పసిగట్టినవాడు. పని తప్పుగా చెబితే సూపర్‌వైజరుతో వాదించి నెగ్గినవాడు.

మనం దీనిని తగ్గింపు అనుకుంటాం. కొన్ని ఇండ్లలో అది నిజంగా తగ్గింపే. చాలా ఇండ్లలో మాత్రం అది భయం. "నా మాట చెబితే వీళ్లకు కోపం వస్తుందేమో, రేపు నన్ను చూడరేమో" అనే భయం. ఒంట్లో బలం తగ్గడం వయసుతో వచ్చేదే. మనసులో బలం తగ్గిపోవడం మాత్రం వయసు వల్లనే జరగదు. మనం అలవాటు చేసుకోవడం వల్ల, మన పిల్లలు అలవాటు చేయడం వల్ల కూడా జరుగుతుంది. ఈ నెల ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచిద్దాం.

సైరన్ ఆగిన తరువాత

మన ప్రాంతానికి ఈ సమస్య ఒక ప్రత్యేకమైన రీతిలో వచ్చింది. 1960 దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వచ్చింది. ఆ దశకంలోనే పటాన్‌చెరులో పారిశ్రామికవాడ మొదలై, తరువాత పాశమైలారం, బొల్లారం, జిన్నారం వైపు వ్యాపించింది. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. అంతవరకు జొన్న చేలు, చెరువు కింద వరి మాత్రమే తెలిసిన ఇండ్ల నుంచి పిల్లలు టిఫిన్ డబ్బా పట్టుకొని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డారు. మెదక్ మిషన్ రోజులలో తాతలు విశ్వాసంలోకి వచ్చిన కుటుంబాల నుంచి కూడా చాలామంది అలా వచ్చారు.

పొలంలో మనిషికి రిటైర్మెంటు ఉండదు. నడుము వంగినా గట్టు మీద కూర్చొని నీళ్లు ఎటు మళ్లించాలో చెబుతాడు. మేకలను చూస్తాడు, విత్తనాలు ఏరుతాడు. ఆయన మాటకు పని ఉంటుంది. ఫ్యాక్టరీ అలాంటిది కాదు. 1980లో ఇరవై రెండేళ్ల వయసులో చేరినవాడికి 2016లో యాభై ఎనిమిది నిండాయి. ఒక సాయంత్రం శాలువా కప్పారు, ఫొటో తీశారు, గేటు దాటి బయటికి వచ్చాడు. అంతవరకు ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని ఆయన నిద్రను, భోజనాన్ని, పండుగను కూడా సైరనే నిర్ణయించింది. మరునాడు అది మోగినా ఆయన కోసం కాదు. టోకెన్ నంబరు పోయింది, క్వార్టరు ఖాళీ చేయాలి. తండ్రులకు పొలం నేర్పిన వృద్ధాప్యం ఒకటి ఉండేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవారికి వృద్ధాప్యం ఎలా గడపాలో చూపించిన మాదిరి ఇంట్లో లేదు, ఎందుకంటే రిటైరైన మొదటి తరం వారే.

కాబట్టి చాలామంది సైరన్ స్థానంలో కొడుకును కూర్చోబెట్టుకున్నారు. ఎప్పుడు లేవాలో, ఎవరింటికి వెళ్లాలో, కానుక సంచిలో ఎంత వేయాలో కూడా ఇప్పుడు కొడుకే చెప్పాలి.

మనసు స్వేచ్ఛ అంటే ఏమిటి?

మనసు స్వేచ్ఛ అనగానే కొందరు పెద్దలు, "అవును, నాకెవ్వడూ అక్కర లేదు" అని మీసం దువ్వుతారు. అది స్వేచ్ఛ కాదు, పంతం. స్నానాల గదిలో జారిపడినా ఎవరినీ పిలవనివాడు స్వతంత్రుడు కాడు, తన అహానికి బానిస. ఇంకొందరు కోడలు వంటలో ఉప్పు దగ్గర నుంచి మనుమడి చదువు దాకా అన్నీ తామే నిర్ణయించాలని చూస్తారు. అది కూడా స్వేచ్ఛ కాదు, ఇతరుల స్వేచ్ఛను తీసుకోవడం.

మనసు స్వేచ్ఛ గల వృద్ధుణ్ణి గుర్తుపట్టడానికి నాలుగు సంగతులు చెప్పవచ్చు. తన సంగతులలో తన అభిప్రాయం ఏమిటో తనకు తెలుసు, దానిని కోపం లేకుండా చెప్పగలడు. పిల్లలు ఒప్పుకోకపోయినా కుంగిపోడు. సహాయం కావలసినప్పుడు సిగ్గుపడకుండా అడుగుతాడు. పిల్లల కాపురాన్ని పిల్లలకు వదిలిపెడతాడు. చేతికర్ర పట్టుకొని నడిచేవాడు కూడా ఇలా ఉండగలడు. మంచం పట్టినవాడు కూడా ఇలా ఉండగలడు. ఇది కాళ్లకు సంబంధించినది కాదు.

విశ్వాసికి ఈ స్వేచ్ఛ ఎక్కడ నుంచి వస్తుంది? దేవుని మీద ఆనుకోవడం నుంచి వస్తుంది. దేవుని మీద ఆనుకున్న మనిషి మనుషుల సహాయాన్ని కృతజ్ఞతతో తీసుకుంటాడు, వారి ముఖం చిట్లితే మాత్రం తన ప్రాణం పోయినట్టు వణకడు.

రాజు పిలిచినా వెళ్లని ముసలివాడు

రెండవ సమూయేలు గ్రంథం 19వ అధ్యాయంలో బర్జిల్లయి అనే గిలాదువాడు కనబడతాడు. మన ప్రసంగాలలో ఈయనను తక్కువగా తలుస్తాం. అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు మహనయీముకు పారిపోయాడు. అక్కడ ఆయనకు భోజన పదార్థాలు సమకూర్చినవారిలో ఈయన ఒకడు. యుద్ధం ముగిసి రాజు తిరిగి వెళ్తుంటే యోర్దాను వరకు సాగనంపడానికి వచ్చాడు. అప్పటికి ఎనభై ఏండ్లు. దావీదు ఆయనతో, నా వెంట యెరూషలేముకు రా, అక్కడ నేను నిన్ను పోషిస్తాను అన్నాడు.

ఆలోచించండి, రాజు పిలుపు! కొడుకు ఫ్లాటు కాదు, రాజభవనం. బర్జిల్లయి ఏమన్నాడు? తన వయసును దాచలేదు. తినేదాని రుచి తెలియడం లేదు, పాటలు వినబడడం లేదు అని తన బలహీనతను తానే లెక్క చెప్పాడు. రాజుకు భారంగా ఉండడం తనకు ఇష్టం లేదన్నాడు. కొంచెం దూరం తోడు వస్తాను, తరువాత నా ఊరికి వెళ్లి నా తల్లిదండ్రుల సమాధి దగ్గరే చనిపోనివ్వు అని వేడుకున్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఇదిగో కింహాము ఉన్నాడు, ఇతనిని తీసుకొని వెళ్లు అని యౌవనస్థునికి దారి చూపించాడు.

ఇందులో పంతం ఎక్కడా లేదు. రాజును అవమానించలేదు. "ఎవరినీ నమ్మను" అనలేదు. తనకు ఏది తగినదో తెలుసుకొని మర్యాదగా చెప్పాడు. తాను వదులుకున్న మేలు ఇంకొకరికి దక్కేలా చేశాడు.

దావీదును కూడా గమనించాలి. "నేను ఇంత ప్రేమతో పిలిస్తే కాదంటావా?" అని అలగలేదు. బర్జిల్లయి కోరినట్టే కింహాముకు చేస్తానని ఒప్పుకున్నాడు. ముసలివానిని ముద్దు పెట్టుకొని, దీవించి పంపాడు. తన మరణ సమయంలో కూడా బర్జిల్లయి కుమారులను దయగా చూడమని సొలొమోనుకు చెప్పాడు. పల్లెలో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులను "వచ్చి మా దగ్గర ఉండండి" అని పిలిచే కుమారులు, కుమార్తెలు ఈ దావీదును చూసి నేర్చుకోవాలి. పిలవడం ప్రేమ. రానన్నప్పుడు అలగకుండా సాగనంపడం, ఆ తరువాత కూడా చూసుకోవడం ఇంకా గొప్ప ప్రేమ.

డబ్బు చేతిలో లేకపోతే

"నా ఇష్టం ఇది" అని చెప్పడానికి విశ్వాసం ఒక్కటే చాలదా అని కొందరు అడుగుతారు. విశ్వాసం ముఖ్యం. అయితే బస్ టికెట్టుకు కూడా కోడలిని అడగవలసిన మనిషి ఎంతకాలం ధైర్యంగా మాట్లాడగలడు?

మన ప్రాంతంలో పింఛను సంగతి అందరికీ ఒకటి కాదు. 2004కు ముందు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో చేరినవారికి ప్రభుత్వ పింఛను ఉంది. ప్రైవేటు కంపెనీలలో చేసినవారు, ప్రభుత్వ రంగ సంస్థల కార్మికులు ఎక్కువగా పి.ఎఫ్., గ్రాట్యుటీ, 1995 నవంబరు 16 నుంచి అమలులోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం మీద ఆధారపడినవారు. ఆ పథకం లెక్క ఇలా ఉంటుంది: పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏండ్లతో హెచ్చించి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబరు నుంచి ఆ జీతం పరిమితి 15,000 రూపాయలు. పదేండ్ల సర్వీసు ఉన్నవానికి ఆ పరిమితి దగ్గర లెక్కించినా నెలకు వచ్చేది సుమారు 2,143 రూపాయలు. అదే 2014లో కనీస పింఛనును 1,000 రూపాయలుగా నిర్ణయించారు. పదేండ్లు నిండకపోతే నెలనెలా పింఛనే రాదు. కాంట్రాక్టర్ల కింద చేసి, పి.ఎఫ్. కట్టారో లేదో కూడా తెలియకుండా ముసలివారైనవారు మన సంఘాలలో ఎంతమంది! వారికి 2014లో 1,000 రూపాయలతో మొదలై 2019లో 2,016కు పెరిగిన ఆసరా పింఛనే దిక్కైంది.

కాబట్టి రిటైరైన రోజు ఒకేసారి చేతికి వచ్చే పి.ఎఫ్., గ్రాట్యుటీ సొమ్మే చాలామందికి జీవితమంతటి ఆధారం. ఆ సొమ్ము చేతిలో ఎంతకాలం ఉంటుంది? కూతురి పెండ్లి అప్పు, కొడుకు ఇంటి మీద అంతస్తు, మనుమని కాలేజీ ఫీజు. ఏడాది తిరగకముందే పాస్‌బుక్కులో అంకెలు తరిగిపోతాయి. ఇచ్చింది ప్రేమతోనే. కాని ఇచ్చిన తరువాత ఇంట్లో గొంతు కూడా తగ్గిపోతుంది. "అంత ఇచ్చిన, ఇప్పుడు చాయ పైసలు అడగాలంటే నోరు వస్తలేదు" అనే తండ్రులు ఉన్నారు.

పెద్దలకు నా మనవి. ఇవ్వండి, అయితే అంతా ఇవ్వకండి. మీ ఇద్దరి మందులకు, భోజనానికి, కానుకకు, చుట్టపు చూపుకు సరిపడే సొమ్ము మీ పేరుతోనే ఉంచుకోండి. బ్యాంకు ఖాతాలో భార్య పేరు కూడా చేర్చండి. ఏ.టి.ఎం. కార్డు, దాని రహస్య నంబరు మీ దగ్గరే ఉండనివ్వండి. ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం మరిచిపోకండి, అది అందకపోతే పింఛను ఆగిపోతుంది. ఇల్లు పిల్లల పేరున రాయాలనుకుంటే తొందరపడకండి. వీలునామా రాస్తే మీరు బ్రతికున్నంతకాలం ఇల్లు మీదే. గిఫ్ట్ దస్తావేజు రిజిస్టరైన రోజే ఇల్లు చేయి మారుతుంది.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం కూడా తెలుసుకొని ఉండాలి. పోషణ లేని తల్లిదండ్రులు ఆర్.డి.ఓ. ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించే వీలును ఆ చట్టం కల్పించింది. చూసుకుంటారనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, తరువాత వారు చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయించే మార్గం 23వ సెక్షనులో ఉంది. అందుచేత ఆ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం క్షేమం. వృద్ధుల సహాయానికి 14567 అనే ఫోను నంబరు ఉంది. మొదట కుటుంబంలో కూర్చొని మాట్లాడాలి, తరువాత సంఘ పెద్దల ఎదుట మాట్లాడాలి. అప్పటికీ అన్నం దొరకకపోతే చట్టం తలుపు తట్టడం పాపం కాదు.

తల్లులను మరువరాదు

తండ్రికి కనీసం ఒక రిటైర్మెంటు తేదీ ఉంది. ఆయన వెంట అదే క్వార్టరులో ముప్పయి ఏండ్లు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి డబ్బా కట్టిన తల్లికి అది కూడా లేదు. భర్త పోయిన తరువాత ఆమె బ్రతుకు కొన్ని ఇండ్లలో "వంతులు" అవుతుంది. ఈ నెల పెద్ద కొడుకు, వచ్చే నెల చిన్న కొడుకు. నెలాఖరున ఒక సంచిలో రెండు చీరలు, బైబిలు, మందుల డబ్బా పెట్టుకొని ఆమె బస్సు ఎక్కుతుంది. అన్నం పెడుతున్నారు, నిజమే. ఆమెను ఎవరైనా, "అమ్మా, నీకు ఎక్కడ ఉండాలని ఉంది?" అని అడిగారా?

నయోమి మోయాబులో భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని కూడా బేత్లెహేముకు తిరిగి వెళ్లాలని తానే నిర్ణయించుకుంది. తరువాత రూతుకు ఆలోచన చెప్పింది కూడా ఆమే. లూకా సువార్తలోని అన్న ఎనభై నాలుగేండ్ల విధవరాలు. దేవాలయాన్ని విడువక సేవ చేసింది. శిశువైన యేసును చూసి, విడుదల కోసం కనిపెట్టుచున్న వారందరితో ఆయనను గూర్చి మాట్లాడింది. విధవరాలు అనగానే మూలన కూర్చోబెట్టడం వాక్యం నేర్పిన పద్ధతి కాదు.

యాకోబు చేతులు

ఇప్పుడు పిల్లలతో ఒక మాట. ఆదికాండం 48లో యాకోబు కండ్లు మసకబారాయి. యోసేపు తన ఇద్దరు కుమారులను దీవెన కోసం తెచ్చి, పెద్దవాడైన మనష్షేను తండ్రి కుడి చేతివైపు నిలబెట్టాడు. యాకోబు చేతులు అడ్డంగా మార్చి, కుడి చేతిని చిన్నవాడైన ఎఫ్రాయిము తల మీద పెట్టాడు. నాయనకు కనబడడం లేదు, పొరబడ్డాడు అనుకొని యోసేపు ఆ చేతిని పట్టుకొని మార్చబోయాడు. ముసలి తండ్రి ఒప్పుకోలేదు. తనకు తెలుసని కొడుకుకు చెప్పి, తాను అనుకున్నట్టే దీవించాడు.

యోసేపు చెడ్డ కొడుకు కాడు. తండ్రిని కరువులో పోషించినవాడు, ఐగుప్తు అంతటి మీద అధికారి. అటువంటి మంచి కొడుకు కూడా, కండ్లు కనబడకపోతే బుద్ధి కూడా పనిచేయదని అనుకున్నాడు. మనం చేసేది ఇదే. చెవులు వినబడని తల్లి దగ్గర గట్టిగా మాట్లాడే బదులు ఆమె తల మీదుగా మాట్లాడుకుంటాం. డాక్టరు దగ్గర, "నాయినకు ఎక్కడ నొప్పి?" అంటే నాయిన నోరు తెరవకముందే మనం చెబుతాం. ప్రేమతోనే చేస్తాం. ఆ ప్రేమ చేతులను పట్టుకొని మార్చే ప్రేమ.

1976లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వృద్ధాశ్రమంలో చేసిన పరిశీలనను ప్రకటించారు. ఒక అంతస్తులోని వృద్ధులతో, మీ గది సర్దుకోవడం, సమయం గడపడం మీ బాధ్యతే అని చెప్పారు. తలా ఒక మొక్కను ఎంచుకోనిచ్చి, నీళ్లు పోయడం వారికే అప్పగించారు. ఇంకొక అంతస్తులోని వారితో, మిమ్మల్ని సంతోషంగా ఉంచడం మా బాధ్యత అని చెప్పి, మొక్కలు ఇచ్చి, నీళ్లు మాత్రం నర్సులే పోశారు. మూడు వారాల తరువాత మొదటి గుంపులో 93 శాతం మంది మెరుగుపడ్డారు. రెండవ గుంపులో 71 శాతం మంది మునుపటికంటే నీరసించారు. రెండవ గుంపువారిని ఎవరూ బాధపెట్టలేదు. అన్నీ వారి కోసం ఇతరులే చేశారు, అంతే.

కాబట్టి మీ నాయిన కూరగాయలు తేవడానికి ఆలస్యం చేస్తే చేయనివ్వండి. రెండు వంకాయలు పుచ్చువి వస్తే రానివ్వండి. మీ అమ్మ పెరటిలో కరివేపాకు చెట్టుకు నీళ్లు తానే పోస్తానంటే చెంబు చేతికివ్వండి.

సంఘం చేయవలసినది

సంఖ్యాకాండం 8వ అధ్యాయంలో లేవీయులకు ఒక నియమం ఉంది. ఇరవై అయిదేండ్లకు సేవలో ప్రవేశించి, యాభై ఏండ్లకు ఆ బరువు పని మానాలి. అయితే ఇంటికి పంపివేయలేదు. తమ సహోదరులతో కలిసి కాపాడే పనిలో ఉండమన్నాడు దేవుడు. బరువు తీసివేశాడు, స్థానం తీసివేయలేదు.

మన సంఘాలలో రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, నర్సులు, టీచర్లు ఉన్నారు. వారి పేర్లు ప్రార్థన అవసరతల జాబితాలో కనబడతాయి గాని పనుల జాబితాలో కనబడవు. ఐ.టి.ఐ. చదివే యౌవనస్థులను వారి దగ్గర కూర్చోబెట్టవచ్చు. వాక్య పఠనం, కానుకల లెక్క, ఆసుపత్రి దర్శనం వారికి అప్పగించవచ్చు. ఏటా నవంబరులో ఒక ఆదివారం ఆరాధన తరువాత, స్మార్ట్‌ఫోను తెలిసిన యౌవనస్థులు పింఛనుదారుల పత్రాలు సరిచూసి పెట్టవచ్చు. ఏ సహాయం చేసినా ముందు వారినే అడగాలి. కమిటీలో నిర్ణయించి వారికి తెలియజేయడం సహాయంలో సగం మాత్రమే.

తల్లిదండ్రులకు రావలసినదానిని కొర్బాను అని దేవునికి చెప్పి తప్పించుకున్నవారిని యేసు ప్రభువు గద్దించాడని మార్కు సువార్త 7వ అధ్యాయం చెబుతుంది. ఆయన సిలువ మీద వేలాడుతూ కూడా తల్లిని యోహానుకు అప్పగించాడు. మందిరానికి టైల్స్ వేయించిన కుటుంబం ఇంట్లో తల్లి మందులకు వెనుకాడుతుంటే, దానిని అడగవలసిన బాధ్యత సంఘానికి ఉంది.

చెయ్యి పట్టుకొని నడిపించే రోజు

చివరికి అందరికీ ఒక రోజు రావచ్చు. పక్షవాతం రావచ్చు, జ్ఞాపకం పోవచ్చు. బిడ్డ పేరు కూడా గుర్తు రాకపోవచ్చు. అప్పుడు ఈ స్వేచ్ఛ ఏమవుతుంది?

యోహాను సువార్త 21వ అధ్యాయంలో ప్రభువు పేతురుతో, యౌవనంలో నీవే నడుము కట్టుకొని ఇష్టమైన చోటికి వెళ్లావు, ముసలివాడవైనప్పుడు చేతులు చాపుతావు, వేరొకడు నడుము కట్టి నీకు ఇష్టం కాని చోటికి నిన్ను తీసుకొని వెళ్తాడు అనే భావంతో చెప్పాడు. అది చెప్పి, నన్ను వెంబడించు అన్నాడు. వేరొకరు నడుము కట్టే స్థితిలో కూడా పేతురు దేవుని మహిమపరుస్తాడని వాక్యం చెబుతుంది. చేతులు చాపవలసి వచ్చినందువల్ల మనిషి విలువ తగ్గదు. అటువంటి రోజున కూడా, "నాయినా, నీలం చొక్కా వేయాలా, తెల్లదా?" అని అడిగే బిడ్డ తండ్రి గౌరవాన్ని కాపాడినట్టే. తన చికిత్స గురించి, ఇంటి గురించి, సమాధి గురించి జ్ఞాపకం బాగున్నప్పుడే పిల్లలకు స్పష్టంగా చెప్పి, కాగితం మీద పెట్టిన తండ్రి తన పిల్లలకు గొప్ప మేలు చేసినట్టే.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు

1. మన ఇంట్లో పెద్దవారిని అడగకుండా వారి గురించి ఈ నెలలో మనం నిర్ణయించిన సంగతులు ఏమిటి?

2. పెద్దవారు తాము చేయగలిగి కూడా చేయడం మానివేసిన పని ఏది? దానిని మరల ఎలా ఇవ్వవచ్చు?

3. పెద్దలారా, మీ పిల్లలకు మీరు చెప్పాలనుకొని భయపడి చెప్పని మాట ఏది? దానిని ఈ రోజు ప్రేమతో చెప్పగలరా?

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మా తలలు నెరిసిన తరువాత కూడా మమ్మును నీ పిల్లలుగా ఎంచుచున్నందుకు స్తోత్రము. మా పెద్దలకు మాట్లాడే ధైర్యమును, మా పిల్లలకు వినే ఓపికను దయచేయుము. ఇచ్చేవారికి గర్వము, పుచ్చుకొనేవారికి సిగ్గు లేకుండా మా ఇండ్లను కట్టుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.